ఆరో నాజిల్

ఆదివారం సాయంత్రం 5:46కి 100కి ఫోన్ వచ్చింది. ఎడపల్లి నుంచి. మాట్లాడిన మనిషి పేరు నాగేందర్. తన భార్య లేవడం లేదన్నాడు.

6:08కి పోలీసు జీపు ఆ ఇంటి ముందు ఆగింది. ఎస్సై సంజన ముందు దిగింది. వెనకే ఏఎస్సై దేవన్న. సంజనకు ఉద్యోగంలో ఇది రెండో ఏడు. దేవన్నకు ముప్పై నాలుగోది. వచ్చే ఏడు రిటైర్మెంట్.

రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గది, లోపలి గది. ఏప్రిల్ ఎండ ఇంకా వాకిలి వదల్లేదు. గడప దగ్గరికి రాగానే ఘాటు వాసన కొట్టింది. పెయింటు వాసన కాదు. పెట్రోలూ కాదు. సంజన కళ్లు తుడుచుకుంది.

ముందు గదిలో స్నేహలత గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. వయసు ముప్పై మూడు. తల ఎడమ భుజం మీదికి వాలింది. పెదాలు నీలం. కాళ్లు చాపి ఉన్నాయి. పక్కనే బీడీల చాట. అందులో కత్తిరించిన తునికాకు, కత్తెర, దారం ఉండ, అడుగున కొద్దిగా తంబాకు. మిగతా తంబాకు నేల మీద పరచుకుపోయింది. గోడ మూలల్లో ఉంది. ఆమె చీర మీద ఉంది. సగం తెరిచిన కళ్లలో కూడా ఉంది.

పైన ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది.

"పానం పోయేటప్పుడు గుంజుకున్నట్టుంది," అంది సంజన. "చాటను తన్నింది."

దేవన్న చాట వైపు చూశాడు. అది తిరగబడలేదు. ఫ్యాన్ ఆపి, తల ఎత్తాడు.

రేకుల కింద ఆ గోడ నుంచి ఈ గోడ దాకా లేత పసుపు నురగ గట్టిపడి ఉంది. అరచేతి మందం.

"ఇదేంది?"

"స్ప్రే ఫోమ్ సార్." నాగేందర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. చేతుల మీద అదే పసుపు చుక్కలు. "ఎండ లోపలికి రాకుండ రేకులకు కొడతరు. రెండు సిలిండర్లు, ఒక గన్ను. ఫోన్ల వీడియోలు సూసి నేనే కొట్టిన."

"ఎవలి కోసం?"

"ఇంకెవలి కోసం సార్? దీని కోసమే. పొద్దందాక గీ రేకుల కింద కూసొని బీడీలు చేస్తది. పోయిన ఎండాకాలం రెండు సార్లు కండ్లు తిరిగి పడ్డది."

"ఎప్పుడు కొట్టినవ్?"

"పొద్దుగాల తొమ్మిదింటికి లోపలి గది. గీ గది పదకొండుకు మొదలుపెట్టి పన్నెండున్నరకు ఖతం చేసిన."

"అప్పుడు ఈమె యాడున్నది?"

"వాకిట్ల. లోపలికి రావద్దన్న."

"దమ్ము బీమారి ఉన్నదా ఈమెకు? ఆస్తమా?"

"ఉన్నది సార్. దమ్ము లేస్తే నోట్ల పంపు కొట్టుకుంటది."

"మరి ఇట్ల వాసనల ఎందుకు కూసున్నది?"

"గా అమీర్ చెప్పబట్టే సార్! కంఠేశ్వర్ల షాపు. నాకు సామాను అమ్మినోడు. 12:52కు ఫోన్ చేసి అడిగిన. రెండు గంటలైతే చాలు, మంచిగ కూసోవచ్చన్నడు. గదే మాట దీనికి చెప్పి, ఒకటింబావుకు బోధన్ పోయిన. నాది మోటార్లు బాగుచేసే షాపు. ఐదు నలభైకి వచ్చి సూస్తే ఇట్లున్నది."

"ఫ్యాన్ ఎవరు ఏసిండ్రు?"

"నేనే. పోయేటప్పుడు ఫుల్ పెట్టిన, వాసన పోవాలె గదా. దాని కిందనే కూసొని చేసుకుంటనన్నది."

దేవన్న ఆ చివరి మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

బయట జనం చేరారు. ఎదురుగా కిరాణా కొట్టు రవీందర్ గోడ మీదినుంచి తొంగి చూస్తున్నాడు.

"నేను పొద్దుగాలనే అన్న సార్," అన్నాడు. "ఏం నాగన్న, ఇంటికి కేకు క్రీము పూస్తున్నవా, బర్త్‌డే ఎవలిదని. నవ్విండు."

"ఇతను ఎన్నింటికి బండి తీసిండు?"

"ఏమో సార్. పన్నెండు నుంచి నాలుగు దాక షట్టరేస్త. గీ ఎండల ఉప్పు కొననీకె ఎవడొస్తడు?"

అంటే చూసినవాళ్లు లేరు. నాగేందర్ తల్లి గంగుబాయి శనివారమే ధర్పల్లిలో కూతురింటికి పోయింది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. పన్నెండు నుంచి ఐదు నలభై దాకా ఏం జరిగిందో చెప్పేది నాగేందర్ ఒక్కడే.

ఎనిమిదింటికల్లా అమీర్‌ను స్టేషన్‌కు తెచ్చారు.

*

అమీర్‌కు ముప్పై ఏళ్లు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చిన్న హార్డ్‌వేర్ షాపు. పెయింట్లు, పైపులు, ఇప్పుడు కొత్తగా ఈ ఫోమ్. ఊరి జనం సంతకాలు పెట్టిన ఫిర్యాదు సంజన బల్ల మీద ఉంది. ప్రాణం తీసే సామాను తెలిసీ అమ్మాడని. నాన్ బెయిలబుల్.

సోమవారం ఉదయం 8:30. దేవన్న ఎదురుగా కూర్చున్నాడు.

"12:52కు ఫోన్ వచ్చిందా?"

"వచ్చింది సార్. నలభై సెకండ్లు మాట్లాడిండు."

"రెండు గంటలైతే కూసోవచ్చన్నవా?"

"కసమ్ సార్, అనలే. ఇరవై నాలుగు గంటలు ఇంట్ల చీమ కూడా ఉండొద్దు. డబ్బా మీద రాసి ఉన్నది. అమ్మేటప్పుడు నోటితో చెప్పిన."

"సాక్షి ఎవరు?"

"ఆయన, నేను. పైన అల్లా."

"అల్లాకు సమన్లు పంపలేను. ఫోన్ల ఏం అడిగిండు?"

"నాజిళ్లు అడిగిండు. గన్ను ముందట బిగించే ప్లాస్టిక్ మూతి సార్. డబ్బాల ఆరే వస్తయి. ఒక్కటే మిగిలింది, ఇంకో రెండు ఉన్నయా అన్నడు. స్టాక్ లేదు, మంగళవారం వస్తదన్న."

"ఇంకేమన్నవు?"

అమీర్ నేల చూశాడు. "ఏం లే సార్. గంతే."

"మాస్కులు?"

"కిట్టుల ఒక్కటే ఇస్తరు. కొట్టేటోనికి."

దేవన్న లేచాడు. బయట బెంచీ మీద అమీర్ భార్య గౌహర్ కూర్చుని ఉంది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది.

"షాపు ఓనర్ తాళం మార్చిండు సాబ్," అంది లేచి నిలబడి. "మనిషిని చంపినోనికి జాగ ఇయ్యనన్నడు. ఇగ జైలుకు పంపిస్తే మేం ఆ గల్లీల ఉండలేం. ఒక్కసారి మంచిగ సూడుండ్రి."

"సూస్తున్న."

"సాయంత్రం ఎన్నింటికి కోర్టు?"

"ఐదింటికి."

ఆమె గోడ గడియారం వైపు చూసింది. 8:52.

*

10:40కి దేవన్న మళ్లీ ఎడపల్లిలో ఉన్నాడు. శవం నిజామాబాద్ మార్చురీలో ఉంది. నాగేందర్‌ను, ఇంకో ఇద్దరు బంధువులను సంజన అక్కడికే పిలిపించింది. ఇంటి దగ్గర, రాత్రే ధర్పల్లి నుంచి వచ్చిన గంగుబాయి ఒక్కతే ఉంది. గోడ నీడలో, మోకాళ్ల మీద చేతులు వేసుకొని. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అవ్వా, నువ్వు గూడ బీడీలు చేసినవా?"

"ముప్పై ఏండ్లు సారు. గీ యేళ్లు సూడుండ్రి." వేళ్లు చూపించింది. చూపుడువేలి కొన అరిగిపోయి నున్నగా ఉంది. "కండ్లు మసకబారినంక కోడలు అందుకున్నది."

"రోజూ ముందు గదిల్నే చేస్తదా?"

"అండ్లనే. చెమట ధారలు కారుతుంటది బిడ్డకు. తలుపు గూడ ఓరగా ఏసుకుంటది."

"మరి ఫ్యాన్ ఏసుకోవచ్చు గదా?"

గంగుబాయి అతన్ని చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"బీడీలు చేసేదానికి ఫ్యానేంది సారు? తంబాకు లేసి ఇల్లంత పోదా? కండ్లల్ల పడదా? గందుకే గదా గీ రేకుల కింద ఉడికి సచ్చేది. ఫ్యాన్ ఏసుకునేటట్టుంటే గా నురుగు ఎందుకు కొట్టిపిస్త..."

ఆగిపోయింది.



"ఫ్యాన్ తిరుగుతుండెనా సారు?" అంది. "మీరు వచ్చేటాల్లకు?"

"ఫుల్ స్పీడుల. నేనే ఏసిన అన్నడు నీ కొడుకు. కోడలు దాని కిందనే కూసొని చేసుకుంటనన్నదట."

ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఇంట్లో పుట్టి, ఆ బీడీల కూలితో చదివి, ముప్పై ఎనిమిదేళ్లు బతికాడు కొడుకు. తల్లి, తర్వాత పెళ్లాం ఫ్యాన్ లేకుండా ఎందుకు కూర్చుంటున్నారో అతనికి తెలియదు. ఏనాడూ ఆ గదిలో పది నిమిషాలు వాళ్ల పక్కన కూర్చోలేదు.

దేవన్న భార్య కూడా బీడీలు చుట్టింది. ఇరవై రెండేళ్లు. ఇప్పుడు లేదు. ఆ విషయం అతను స్టేషన్‌లో ఎవరికీ చెప్పలేదు. చెప్పే పనీ పడలేదు.

అతను లోపలికి నడిచాడు.

ముందు గది తలుపు చట్టాన్ని వేలితో తడిమాడు. జిగురు. టేపు అంటించి పీకిన గుర్తు. నాలుగు వైపులా. కిటికీలకూ అంతే. రెండు గదుల మధ్య గుమ్మానికీ అంతే. ఫ్యాన్ రెక్కల మీద ఒక్క పసుపు చుక్క లేదు. కొట్టేటప్పుడు దానికి కవరు తొడిగారు. చక్కటి పని. ఫోన్ వీడియోలో చూపించినట్టే.

లోపలి గదిలో రెండు సిలిండర్లు, చుట్ట చుట్టిన పైపు, గన్ను. ఒక మూలన మాస్కు. ఒక్కటే. పక్కన ప్లాస్టిక్ బకెట్. అందులో ప్లాస్టిక్ నాజిళ్లు, లోపల ఫోమ్ రాయిలా గట్టిపడి. లెక్కపెట్టాడు. ఐదు. ఆరోది గన్నుకే ఉంది. అదీ మూసుకుపోయింది.

తల ఎత్తాడు. లోపలి గది కప్పు అతుకులతో ఉంది. ఒక చోట ఎత్తు, ఒక చోట పల్లం. నాలుగైదు చోట్ల గీత గీసినట్టు జాయింట్లు.

మళ్లీ ముందు గదికి వచ్చి తల ఎత్తాడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా కళ్లతో కొలిచాడు.

12:15కి సంజన ఫోన్ చేసింది.

"డాక్టర్ చెప్పిండు అన్నా. ఊపిరి గొట్టాలు వాచి మూసుకుపోయినయట. ఆ గ్యాస్ తోని దమ్ము లేసింది. చనిపోయింది ఒకటిన్నరకు అటు ఇటు."

"మూడింటికి కాదా, రెండు గంటలు ఆగి కూసున్నంక?"

"అస్సలు కాదన్నడు. ఇంకోటి. చేతులు, మొహం శుభ్రంగ ఉన్నయి. ఎవరో గట్టిగ రుద్ది కడిగినట్టు. కానీ కాళ్ల మెట్టెల సందుల పసుపు పూసలున్నయి. ఫోమే. పడ్డ తర్వాత గట్టిపడ్డది."

"అంటే కొట్టేటప్పుడు ఆమె గదిల్నే ఉన్నది."

"ఉన్నది."

"మేడం, నాగేందర్‌ను తీసుకొని ఇంటికి రండి. అమీర్‌ను గూడ జీపుల ఎక్కించుండ్రి. రెండున్నరకు."

"రిమాండ్ కాగితాలు రెడీ చేసి పెట్టిన అన్నా."

"పేరు రాసే జాగ ఖాళీగ ఉంచుండ్రి."

*

2:35. ముందు గదిలో ఐదుగురు. కిటికీలు తెరిచి ఉన్నా వాసన పోలేదు. గంగుబాయి గడప మీద కూర్చుంది. నాగేందర్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అమీర్ చేతికి బేడీ ఉంది. సంజన తలుపు దగ్గర.

"నాగేందర్, నిన్నటి మాట మళ్ల చెప్పు. ఫ్యాన్ ఎవరు ఏసిండ్రు?"

"నేనే సార్."

"ఎన్నింటికి?"

"ఒకటింబావుకు."

"దాని కింద కూసొని ఆమె బీడీలు చేసింది."

"అవును సార్."

"మీ అవ్వను అడుగు, ఎవలన్న చేస్తరా అట్ల."

నాగేందర్ తల్లి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"చాట నువ్వు పెట్టినవ్," అన్నాడు దేవన్న. "తంబాకు నువ్వు పోసినవ్. ఫ్యాన్ నువ్వు ఏసినవ్. తంబాకు లేసి ఆమె కండ్లల్ల పడ్డది. బతికున్న మనిషైతే కండ్లు మూసుకుంటది, తుడుచుకుంటది. ఆమె తుడుచుకోలే."



"మెట్టెల సందుల ఫోమ్ ఉన్నది," అంది సంజన. "వాకిట్ల ఉన్నదన్నవు. వాకిట్ల కూడ కొట్టినవా?"

బయట ఎక్కడో ట్రాక్టర్ పోయింది.

"సార్," అన్నాడు నాగేందర్. "సార్, భయమై అబద్ధం చెప్పిన. నిజమే. తను నాకు సాయం చేసింది. సిలిండర్లు బరువు. నేను ముందుకు పోతుంటే ఎవలో ఒకలు ఎనక గుంజుకుంట రావాలె. కిటికీలకు ప్లాస్టిక్ కట్టినం, చీకటి. ఫోన్ లైటు గూడ తనే పట్టింది."

"ఎన్నింటికి మొదలుపెట్టినవ్ ఈ గది?"

"ఒంటిగంటకు. పదకొండుకు కాదు."

"తర్వాత?"

"మధ్యల దగ్గు వచ్చింది. నేను ఎంటనే ఆపిన సార్. గన్ను కింద పెట్టిన. బయటికి తీస్కపోయిన. నీళ్లు తాపిచ్చిన, పంపు కొట్టిచ్చిన. పావుగంట, ఇరవై నిమిషాలు కూసున్నం. మంచిగైంది. నువ్వు పో, ఖతం చెయ్యన్నది. నేను వచ్చి మిగిలింది కొట్టి బోధన్ పోయిన. అటెనుక తనే లోపలికి వచ్చినట్టుంది. నేను వచ్చేసరికి గుమ్మం దగ్గర పడి ఉన్నది. జనం నన్ను అంటరని, మొహం కడిగి, కూసుండపెట్టి, చాట పెట్టిన. గదొక్కటే నా తప్పు."

గంగుబాయి తల ఎత్తింది. కళ్లల్లో కొంచెం ఆశ.

సంజన దేవన్న వైపు చూసింది. ఈ కథ నిలబడుతుంది. మెట్టెలు నిలబడతాయి, ఫ్యాన్ నిలబడుతుంది, టైమ్ కూడా నిలబడుతుంది. పిరికివాడి కథ. పిరికితనానికి శిక్ష తక్కువ.

"మధ్యల ఆపినవ్," అన్నాడు దేవన్న.

"ఆపిన సార్."

"ఇరవై నిమిషాలు."

"అవును సార్. కట్టుకున్నదాని మీద ఒట్టు."

"ఒట్టు వద్దు. ఆమె లేదు." దేవన్న అమీర్ వైపు తిరిగాడు. "గన్ను నొక్కుడు ఆపితే ఏమైతది?"

"రెండు సిలిండర్ల మందు నాజిల్లనే కలుస్తది సార్. ఆపితే అండ్లనే గట్టిపడుతది. అర నిమిషం. అంతకంటే ఎక్కువ ఆపితే నాజిల్ పారేసుడే. కొత్తది బిగించాలె."

"ఇతనికి ఎన్ని ఇచ్చినవ్?"

"ఆరు."

దేవన్న లోపలికి పోయి బకెట్ తెచ్చాడు. గది మధ్యలో బోర్లించాడు. ఐదు నాజిళ్లు నేల మీద దొర్లాయి.

"ఇవి లోపలి గదివి. కొత్త పని, చేయి తిరగలే. ఆపినవ్, మార్చినవ్. ఆపినవ్, మార్చినవ్. ఆ కప్పు మీద అతుకులు అట్లనే ఉన్నయి. 12:52కు నీ దగ్గర మిగిలింది ఒక్కటే. గందుకే అమీర్‌కు ఫోన్ చేసినవ్. ఆరోది బిగించి ఒంటిగంటకు ఈ గది మొదలుపెట్టినవ్. అదే ఇంకా గన్నుకు ఉన్నది."

అతను వేలు పైకి చూపించాడు.

"పన్నెండు అడుగులు, పద్నాలుగు అడుగులు. ఆ గోడ నుంచి ఈ గోడ దాక సూడు. ఒక్క అతుకు లేదు. ఒక్క నాజిల్. ఇరవై నిమిషాలు ఆపితే ఏడో నాజిల్ కావాలె. ఏది?"

నాగేందర్ పైకి చూశాడు. కప్పు నునుపుగా, ఒకే ఎత్తున, అందంగా ఉంది.

"నువ్వు ఆపలే," అన్నాడు దేవన్న.

నాగేందర్ గోడ మీదుగా జారి కింద కూర్చున్నాడు. నిన్న స్నేహలత ఉన్న చోటికి మూరెడు దూరంలో. తెలిసి జరిగాడో తెలియక జరిగాడో, కొంచెం పక్కకు జరిగాడు.

"ఎన్ని సార్లు పిలిచింది?"

"మూడు."

"మొదటిసారి?"

"జర ఆపయ్యా, దమ్మొస్తున్నది అన్నది."

"నువ్వు?"

"రెండు నిమిషాలు అన్న."

"రెండోసారి?"

"పంపు, పంపు అన్నది. పంపు లోపలి గది గూట్లె ఉన్నది. ఆ గుమ్మానికి ప్లాస్టిక్ ఏసి టేపు కొట్టినం. పీకితే దుమ్మొస్తది... ఆపితే నాజిల్ పోతది. ఆపితే సగం కప్పు అట్లనే ఉంటది సార్. మంగళవారం దాక."

"మూడోసారి?"

నాగేందర్ చేతి మీది పసుపు చుక్కను గోటితో గోకాడు.

"మూడోసారి ఏమన్నది?"

"మాట రాలే. సిలిండర్ మీద చేత్తోని కొట్టింది. టంగు టంగుమని. నాకు మాస్కుండె. ఎనకకు సూడలే. లైటు కింద పడ్డది. లైటు సరిగ్గ పట్టు అన్న."

"ఆ తర్వాత ఎంతసేపు కొట్టినవ్?"

నాగేందర్ కప్పు మధ్యకు చూపించాడు. అక్కడి నుంచి చివరి గోడ దాకా వేలు జరిపాడు. చాలా దూరం.

గంగుబాయి లేచింది. కొడుకు దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకుంది సంజన. కొట్టలేదు. కింద పడిన ఐదు నాజిళ్లు ఒక్కొక్కటీ ఏరి, బకెట్‌లో వేసి, దాన్ని కొడుకు ముందు పెట్టి బయటికి పోయింది.

"దాని కోసమే చేసిన అవ్వా!" అన్నాడు నాగేందర్ వెనకనుంచి. "దానికి ఎండ తగలొద్దనే చేసిన!"

ఆమె వెనక్కి తిరగలేదు.

"సార్, మీరన్న సమజ్ చేసుకోండి. నేను చంపాలనుకోలే."

"ఆమె చావాలనుకోలే," అన్నాడు దేవన్న. "లే."

అమీర్ బేడీ తీసి సంజన అతనికి వేసింది.

*

4:40. స్టేషన్. రిమాండ్ కాగితాల మీద ఖాళీగా ఉన్న జాగాలో సంజన నాగేందర్ పేరు రాసింది. ప్రాణం తీసిన సెక్షన్ ఒకటి. సాక్ష్యం మార్చిన సెక్షన్ ఒకటి. కోర్టుకు పోవడానికి జీపు సిద్ధంగా ఉంది.

"షాపు ఓనర్‌కు నేను ఫోన్ చేసిన," అంది ఆమె పోతూ పోతూ అమీర్‌తో. "తాళం తీస్తనన్నడు. పో, ఇంటికి పో."

బయట గౌహర్ ఆటో మాట్లాడింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. అమీర్ గుమ్మం దాకా పోయాడు. ఆగాడు. తిరిగొచ్చి దేవన్న బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్. ఒక మాట చెప్పలే."

దేవన్న తల ఎత్తాడు.

"పొద్దుగాల మీరు అడిగిండ్రు, ఫోన్ల ఇంకేమన్నవని. ఏం లేదన్న." అమీర్ బల్ల అంచు పట్టుకున్నాడు. "నాజిళ్లు లేవన్నంక మరి ఎట్ల చెయ్యాలె అన్నడు ఆయన. ఒక్కదానితో ఖతం చేస్త అన్నడు. నేను అన్న... ఎట్ల చేసినా సరే, మొదలుపెట్టినంక ఆపకు అన్న. ఏమైనా గానీ మధ్యల ఆపకు అన్న. నవ్వుకుంట అన్న సార్. గిరాకీతో ఎట్ల మాట్లాడుతమో అట్ల."

ఆటో హారన్ మళ్లీ మోగింది.

"ఇంట్ల ఎవరన్న ఉన్నరా అని అడిగినవా?"

"అడగలే."

దేవన్న సొరుగు లాగి తెల్ల కాగితం తీశాడు.

"కూసో."

"నా మీద కేసైతదా సార్?"

"కాదు."

"మరెందుకు సార్ రాసుడు?"

దేవన్న పెన్ను మూత తీశాడు. కాగితం పైన తారీఖు వేశాడు.

"నువ్వు అన్నవు గనుక. చెప్పు. 12:52 నుంచి."